కాకుల కనుమలో రెండు జెండాలు

ఒకానొక రాజ్యంలో అని మొదలుపెడదామంటే కుదరడం లేదు. ఈ కథకి ఒక్క రాజ్యం చాలదు, రెండు కావాలి. పూర్వం చైనా దేశంలో అవి రెండూ పక్కపక్కనే ఉండేవి. ఉత్తరాన బైషా, దక్షిణాన తావ్‌లిన్. ఇరుగూపొరుగూ అన్నాక మంచీచెడ్డా చెప్పుకుంటూ బతకొచ్చు కదా? అబ్బే! ఏటా పంట ఇంటికి రావడం, వీళ్ళు యుద్ధానికి బయల్దేరడం.

రెండు రాజ్యాల మధ్యా కొండలు. ఆ కొండల్లో దారి ఒక్కటే, దాని పేరు కాకుల కనుమ. కనుమలో ఒక చిన్న కోట, కోటలో ఓ ఊరు. బైషా సైన్యం అటు పోవాలన్నా, తావ్‌లిన్ సైన్యం ఇటు రావాలన్నా ఆ ఊరి నడిబొడ్డు నుంచే. ఆంబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరిగాయంటారే, ఆ లేగలు ఈ ఊరివాళ్ళన్నమాట.

కోటకి అధిపతి గావ్ రెన్. నడివయసు మనిషి, మెతక. చేతికింద ఉన్న సైనికుల్లో సగంమంది కత్తి ఎత్తాలంటే పక్కవాడి సాయం అడిగేవాళ్ళే. అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. తావ్‌లిన్ సైన్యం దండెత్తి వస్తే కోటమీద బైషావారి నీలం జెండా దించేసి, తావ్‌లిన్‌వారి ఎర్ర జెండా ఎక్కించి, తలుపులు బార్లా తీసి "దయచేయండి" అనేవాడు. వాళ్ళిచ్చిన ఎర్ర అంగీ తొడుక్కుని వాళ్ళ మనిషిగా ఉండేవాడు. మళ్ళీ బైషావాళ్ళు వస్తే మళ్ళీ నీలం జెండా, నీలం అంగీ, మళ్ళీ "దయచేయండి". ఇలా ఎన్నిసార్లు జరిగిందో ఆయనకే గుర్తులేదు.

రెండు రాజధానుల్లోనూ ఆయన్ని గోడమీద పిల్లి అనేవారు. అనరూ మరి! కాని ఒక్కమాట మనమూ ఒప్పుకోవాలి. చుట్టుపట్ల కోటలన్నీ ఎప్పుడో ఒకప్పుడు తగలబడ్డవే. కాకుల కనుమలో మాత్రం ఒక్క గడ్డివాము కూడా అంటుకోలేదు.

ఆయన భార్య లీహ్వా. నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. దించిన జెండాని పారెయ్యనిచ్చేది కాదు. ఉతికి, ఆరేసి, మడతపెట్టి, పురుగు పట్టకుండా కర్పూరం వేసి భోషాణంలో దాచేది. "ఎలాగూ మళ్ళీ కావలసిందే. కొత్తది కుట్టేదెవరు, మీ రాజులొచ్చి కుడతారా?" అనేది.

కథ జరిగిన ఏడాది కనుమ బైషావాళ్ళ చేతిలో ఉంది. బైషా రాజు పేరు జెంగ్‌వు. ఆయన దర్పం సంగతి ఏమని చెప్పేది! ఆ కొలువులో ఏ పనైనా సరే, రాజుగారికంటే ముందు ఎవరూ చేయకూడదు. ఆయన ముద్ద నోట పెట్టేదాకా ఎవరూ తినకూడదు, ఆయన గుమ్మం దాటేదాకా ఎవరూ దాటకూడదు. ఒకసారి నిండు కొలువులో మంత్రిగారికి ఆవలింత వస్తే, రాజుగారు ఆవలించేదాకా పాపం నోరు బిగబట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. అది చాలక, "మేము కూర్చున్నదే సింహాసనం, మా తలమీద ఎగిరేదే బైషా పతాకం" అని రాళ్ళమీద చెక్కించి ఊరూరా పాతించాడు మహానుభావుడు.

ఆ రాజుగారికి సరిహద్దు చూడాలని బుద్ధి పుట్టింది. పెద్ద సైన్యాన్ని నది ఒడ్డునే వదిలేసి, కొద్దిమంది అంగరక్షకులతో ఒకరోజు పొద్దున్నే కాకుల కనుమకి వచ్చాడు. వెంట ఫాంగ్ అనే ఆస్థానీకుడు కూడా ఉన్నాడు. ఫాంగ్ మంత్రీ కాదు, పండితుడూ కాదు. రాజుగారికి విసుగేసినప్పుడు నాలుగు మాటలు చెప్పి నవ్వించడం ఆయన ఉద్యోగం. ఇలాంటి రాజుగారి దగ్గర అలాంటి ఉద్యోగం చేస్తూ ఇన్నేళ్ళు తలకాయ నిలుపుకున్నాడంటే తెలివిగలవాడే అని మనం అనుకోవచ్చు.

రాజుగారు కూర్చోవడానికి పట్టు బొంత వేద్దామని లీహ్వా హడావిడిగా భోషాణం తెరిచి బొంత లాగింది. బొంతతో పాటు ఎర్ర జెండా, దాని వెనకాలే ఎర్ర అంగీ దొర్లుకుంటూ వచ్చి సరిగ్గా రాజుగారి కాళ్ళ దగ్గర పడ్డాయి.

"ఏమిటిది?" అన్నాడు రాజు.

గావ్ రెన్ కి అబద్ధం తోచలేదు. "తావ్‌లిన్‌వారి జెండా, ప్రభూ. అంగీ నాదే. వాళ్ళు వచ్చినప్పుడు తొడుక్కునేవాణ్ణి."

"శత్రువు జెండా మా కోటలో మడతలు పెట్టుకుంటున్నావా? కర్పూరం కూడా వేసి!"

"కర్పూరం మా ఆవిడ వేసింది, ప్రభూ."

ఆ నిజాయితీ చూసి ఇంకొకరైతే నవ్వేసేవారు. జెంగ్‌వు మహారాజు మండిపడ్డాడు. విందుకోసం కోసిన గొర్రె పెరట్లో ఉంది. దాని నెత్తురు ఒక గిన్నెలో తెప్పించాడు. చైనాలో ఆ రోజుల్లో ఒక ఆచారం ఉండేది. బలి నెత్తురు పెదవులకి పూసుకుని చేసిన ప్రతిజ్ఞకి తిరుగు లేదు. తప్పినవాడి వంశాన్ని దేవతలు క్షమించరని నమ్మకం. రాజు వేలు ముంచి పెదవులకి పూసుకున్నాడు.

"శత్రువు జెండా కింద నిలబడి, శత్రువు అంగీ తొడుక్కున్నవాడు ఎవడైనా సరే, ఈ పొద్దు గుంకేలోగా వాడి తల తీయిస్తాను. దేవతలు వినుగాక!"

అంగరక్షకులు గావ్ రెన్ చేతులు వెనక్కి విరిచి కట్టేశారు. ఎవర్ని పట్టుకోవాలో తెలియక లీహ్వా ఫాంగ్ కాళ్ళమీద పడింది.

"అయ్యా, ఆయన చీమకి కూడా అపకారం చెయ్యని మనిషి. జెండాలు దాచింది నేను. తియ్యాలంటే నా తల తియ్యమనండి."

"లే తల్లీ," అన్నాడు ఫాంగ్. "నెత్తుటి ప్రతిజ్ఞ. వద్దంటే ఆగేది కాదు. పొద్దు గుంకడానికి ఇంకా చాలా వ్యవధి ఉంది. నన్ను కాస్త ఆలోచించుకోనీ."

అంతలో బురుజుమీద కాపలావాడు పెద్దగా కేకపెట్టాడు. "దుమ్ము! దక్షిణాన దుమ్ము! తావ్‌లిన్ సైన్యం!"

అందరూ పరుగున బురుజెక్కారు. దారంతా గుర్రాలు, ఈటెలు. కనుచూపు మేర మనుషులే.

"కోట తలుపులు మూయండి!" అని అరిచాడు రాజు.

చేతులు కట్టేసి ఉన్న గావ్ రెన్ మెల్లగా అన్నాడు. "ఒక తలుపే మూసుకుంటుంది, మహాప్రభూ. రెండోది చెదపట్టి, పోయిన వానల్లో ఊడిపడింది. తమకి మనవి చేసుకుంటే, తావ్‌లిన్‌వాళ్ళు ఉండగా పాడయింది, వాళ్ళనే అడుగు అని సెలవిచ్చారు. వాళ్ళని అడిగితే, బైషావాళ్ళ తలుపు మేమెందుకు చేయిస్తామన్నారు."

రాజుగారి మొహంలో నెత్తురంతా ఎటు పోయిందో, పెదవులమీద పూసుకున్నది మాత్రం మిగిలింది. "మన సైన్యం?" అన్నాడు.

"నది ఒడ్డున ఉంది ప్రభూ. కబురందేసరికి మనం ఉండం," అన్నాడు ఫాంగ్. ఆ మాట అంటూనే గావ్ రెన్ వైపు తిరిగాడు. "దుర్గాధిపతిగారూ, ఆ వచ్చేదెవరో మీకేమైనా తెలుస్తోందా?"

గావ్ రెన్ కళ్ళు చికిలించి చూశాడు. "తెల్లగుర్రం మీద ఉన్నది దూ హెంగ్. ఆయన కింద పనిచేశాను కదా, గుర్తుపట్టగలను. గొప్ప వీరుడు. పెయ్ లాంగ్ పేరెత్తితే మాత్రం ఆ పూట అన్నం ముట్టడు."

"పెయ్ లాంగ్ ఎవరు?"

"తావ్‌లిన్‌లోనే ఇంకో సేనాపతి. ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది."

"గెలిచిన కోట విషయంలో తావ్‌లిన్ సైన్యానికి ఏదో మర్యాద ఉందని విన్నాను."

"ఉందండి. ముందు గెలిచినవాడు లోపల ఉంటే, తర్వాత వచ్చినవాడు గుర్రం దిగి, కత్తి గుమ్మంలో వదిలి, నడిచివచ్చి అతని ముందు నేలకి తల ఆనించాలి."

ఫాంగ్ మొహం విప్పారింది. "అమ్మా లీహ్వా! ఆ ఎర్ర జెండా ఇలా పట్రా తల్లీ. అంగీ కూడా. గావ్ రెన్ గారూ, ఇంతకీ ఆ పెయ్ లాంగ్ ఎలా ఉంటాడు?"

"భారీ మనిషి. ఎవరు మాట్లాడినా వినిపించనట్టే ఉంటాడు. మెడ ఇటు తిప్పడు, అటు తిప్పడు. ప్రపంచమంతా తన కాలిగోరుతో సమానం అన్నట్టు కూర్చుంటాడు."

బురుజుమీద ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి రాజుగారి వైపు చూసి, చటుక్కున తలలు దించుకున్నారు.

"నేనా!" అని రాజు ఒక్క అరుపు అరిచాడు. "శత్రువు అంగీ నేను తొడుక్కోవడమా!"

"మరెవరున్నారు ప్రభూ? నాకు తొడిగితే దిష్టిబొమ్మలా ఉంటాను. ఆ దర్పం అరువు తెచ్చుకుంటే వచ్చేది కాదు, పుట్టుకతో రావాలి. తమరు ప్రత్యేకంగా ఏమీ చెయ్యనక్కర్లేదు. రోజూ కొలువులో ఎలా కూర్చుంటారో అలా, వాళ్ళకి వీపు పెట్టి కూర్చోండి, చాలు."

పొగడ్తో తిట్టో ఆలోచించుకునే వ్యవధి రాజుగారికి లేదు. బతికుంటే బలుసాకు తినొచ్చు అనుకున్నాడేమో, చేతులు చాపాడు. గావ్ రెన్ అంగీ ఆయనకి ఎలా పడుతుంది! లీహ్వా రెండువైపులా కుట్లు విప్పి తొడిగింది. "ఊపిరి గట్టిగా పీల్చకండి మహారాజా, ఉన్న కుట్లు కూడా పోతాయి," అంది. కట్లు విప్పించుకున్న గావ్ రెన్ తన నీలం అంగీ విసిరేసి, చేతులారా ఎర్ర జెండా ఎక్కించాడు. అది గాలికి విచ్చుకుని సరిగ్గా రాజుగారి తలమీద ఎగిరింది.

అప్పుడు తట్టింది రాజుకి. "ఫాంగ్! వీడు నన్ను పట్టిచ్చేస్తే?"

"ఇవ్వొచ్చు ప్రభూ," అన్నాడు ఫాంగ్ నిదానంగా. "తమరు తల తీస్తామన్నారు. వాళ్ళయితే సన్మానం చేస్తారు. ఏ ఎండకా గొడుగు పట్టేవాడే అయితే మన పని ఇంతటితో సరి."

రాజుగారికి కదలడానికి లేదు, కుదురుగా కూర్చోనూ లేడు. పక్కన లీహ్వా కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. దూ హెంగ్ గుర్రం అప్పటికే కోట ముందుకి వచ్చేసింది.

పైకి చూసి దూ హెంగ్ నోరు తెరిచాడు. ఎర్ర జెండా! గోడమీద లోపలి అంగీతో గావ్ రెన్.

"ఏమయ్యా గావ్ రెన్, మళ్ళీ మావాడివైపోయావా?"

"చిత్తం. నిన్నటి నుంచీ."

దూ హెంగ్ పగలబడి నవ్వాడు. అతని వెనక సైన్యం కూడా నవ్వింది. అనుమానం ఎవరికీ రాలేదు. మాటమీద నిలబడేవాడు ఎవడైనా ఆ మాట చెప్పి ఉంటే, ఇందులో ఏదో మోసం ఉందని వెతికేవారు. గావ్ రెన్ జెండా మార్చాడంటే అందులో వింతేముంది?

"అంగీ ఏదయ్యా?"

"నీలం విప్పేశానండి. ఎర్రది పెయ్ లాంగ్ గారు ఇంకా దయచేయించలేదు."

దూ హెంగ్ నవ్వు ఠక్కున ఆగింది. "ఎవరూ?"

"పెయ్ లాంగ్ గారే. కోట వారే గెలిచారు కదా. అదిగో, వారే పైన కూర్చున్నారు. తమరు వస్తే గుర్రం దిగి, కత్తి అక్కడ పెట్టి, లోపలికి వచ్చి మర్యాద చెల్లించుకోమని సెలవిచ్చారు."

దూ హెంగ్ చూశాడు. జెండా కింద కొండలాంటి వీపు. "పెయ్ లాంగ్! తోటి సేనాపతి వస్తే మొహం తిప్పవా?" అని గర్జించాడు.

వీపు కదల్లేదు. అప్పుడు రాజుగారు, ఎవరూ నేర్పకుండానే, రోజూ కొలువులో అర్జీదార్లని సాగనంపేటట్టు వేళ్ళతో ఈగని తోలినట్టు ఒక్కసారి విదిలించాడు.

దూ హెంగ్ మొహం జెండాకన్నా ఎర్రబడింది. "వీడి కాళ్ళ దగ్గర నేను తల ఆనించాలా? మా రాజుగారి దగ్గరే తేల్చుకుంటాను! తిప్పండి గుర్రాలు!"

వచ్చిన దుమ్మంతా వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఊడిన తలుపు వంక ఒక్కడైనా చూస్తేనా! కోపం వచ్చినవాడికి కళ్ళెక్కడ కనిపిస్తాయి?

కోటలో ముందు ఒక ముసలి సైనికుడు కిసుక్కుమన్నాడు. ఇంక అంతే, అందరూ ఒకర్నొకరు కౌగలించుకుని నవ్వులు, కేరింతలు. రాజుగారు కూడా అంగీ విప్పించుకుని హమ్మయ్య అనుకున్నాడు.

అయితే పొద్దు పడమటికి వాలింది. అంగరక్షకుల నాయకుడు కత్తి తీసి వచ్చి వంగి నిలబడ్డాడు. "మహాప్రభూ, ప్రతిజ్ఞ..."

నవ్వులన్నీ ఆగిపోయాయి. రాజు పెదవులు తడుముకున్నాడు. ఎండిన నెత్తురు పొలుసుగా వేలికి తగిలింది. గావ్ రెన్ వంక చూడలేకపోయాడు.

"ఇతను మమ్మల్ని కాపాడిన మాట నిజమే," అన్నాడు గొణుగుతూ. "కాని నెత్తుటి ప్రతిజ్ఞ. మేమేం చేసేది?"

లీహ్వా కెవ్వుమంది. ఫాంగ్ ముందుకు వచ్చి ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏలినవారు చెప్పింది అక్షరాలా నిజం. ప్రతిజ్ఞ చెల్లించవలసిందే. శత్రువు జెండా కింద నిలబడి, శత్రువు అంగీ తొడుక్కున్నవాడు ఎవడైనా సరే అన్నారు. కాకపోతే వరుస తప్పకూడదు."

"ఏం వరుస?"

"బైషాలో ఏ పనైనా ఏలినవారి తర్వాతే కదా ఎవరైనా చేసేది! తమరింకా ఉండగానే ఈ గావ్ రెన్ ముందు చస్తాడా? ఎంత పొగరు! ఎంత అపచారం! నా కంఠంలో ప్రాణం ఉండగా ఈ కొలువులో అలా జరగనివ్వను. నాయకా, చూస్తావేం? ముందు పెద్దవారి దగ్గర మొదలుపెట్టు."

రాజుగారి చెయ్యి దానంతటదే మెడమీదికి పోయింది. నాయకుడు కత్తి ఎటు పెట్టుకోవాలో తెలియక ముందు పైకెత్తి, తర్వాత కిందికి దించి, చివరికి వెనక దాచుకున్నాడు.

"ఫాంగ్!" అన్నాడు రాజు. "నువ్వు... పొద్దున్న నాకు ఆ అంగీ తొడిగించింది ఇందుకేనా?"

"రెండు ప్రాణాలు నిలబెట్టాలనుకున్నాను ప్రభూ. ఒకటి తమది."

"దీన్నుంచి బయటపడే దారి చెప్పు!"

"దారి తమరే రాళ్ళమీద చెక్కించారు. తమరు కూర్చున్నదే సింహాసనం, తమ తలమీద ఎగిరేదే బైషా పతాకం. ఈ జెండా ఇవాళ తమ తలమీద ఎగిరింది. ఇంక ఇది తావ్‌లిన్ జెండా ఎలా అవుతుంది? తమ ఒంటిమీదికి ఎక్కిన అంగీ శత్రువు అంగీ ఎలా అవుతుంది? శత్రువు జెండాయే లేనప్పుడు దానికింద నిలబడ్డవాడెవడూ లేడు. తీయడానికి తలా లేదు. పాపం ఈ గావ్ రెన్ గారి ఇల్లాలు ఇన్నేళ్ళూ ఉతికి మడతపెట్టింది తమ జెండానే!"

రాజు మూతి వంకర తిరిగింది. భుజాలు కదిలాయి. ఉన్నట్టుండి ఆయన పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, గావ్ రెన్ ని దగ్గరికి పిలిచాడు.

"నిజం చెప్పు. నన్ను పట్టిచ్చి ఉంటే నీకు తల దక్కేది, పదవి దక్కేది. ఎందుకివ్వలేదు?"

"తమరు మా ఇంటికొచ్చారు కదా ప్రభూ. జెండాలు మార్చాను గాని, గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఎప్పుడూ పట్టివ్వలేదు."

"మరి రేపు దూ హెంగ్ నిజం తెలుసుకుని మళ్ళీ వస్తే? ఏ జెండా ఎక్కిస్తావు?"

గావ్ రెన్ తలగోక్కున్నాడు. లీహ్వా వెనక నుంచి వద్దు వద్దు అని సైగ చేస్తూనే ఉంది. ఆయన వింటేగా!

"ముందు కోట తలుపు చూసుకుంటాను ప్రభూ. రెండూ మూసుకుంటే తమరికోసం చచ్చేదాకా నిలబడతాను. ఒక్కటే ఉంటే మాత్రం దయచేయండి అంటాను. లోపల పసిపిల్లలున్నారు."

రాజు ఈసారి నవ్వలేదు. చాలాసేపు ఆ ఊరి ఇళ్ళవైపు చూశాడు. "వడ్రంగుల్ని పంపుతాను," అన్నాడు. "సైన్యాన్ని కూడా. తలుపు చేయించనివాడు నమ్మకం గురించి మాట్లాడకూడదు." అని తన వేలి ఉంగరం తీసి ఫాంగ్ కిచ్చాడు. ఆ కోటకీ ఊరికీ గావ్ రెన్ నే శాశ్వతంగా అధిపతిని చేశాడు.

రాజుగారి గుర్రాలు కనుమ దాటాక గావ్ రెన్ ఇంట్లోకి వచ్చాడు. లీహ్వా పొయ్యి ముందు కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆయన పక్కన కూర్చోబోతే ఒక్క తోపు తోసింది.

"తలుపు చూసుకుంటాను అంటారా, రాజు మొహంమీద? ఒక్క అబద్ధం ఆడితే నోరు పడిపోతుందా? నా ప్రాణం ఎన్నిసార్లు పోయి వచ్చిందో మీకేం తెలుసు!"

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, ఆయన మెడని రెండు చేతులతో ఒకసారి తడిమి చూసుకుంది. తర్వాత లేచి, పొయ్యిమీద చల్లారిన గొర్రెమాంసం కూర గిన్నెలో నిండుగా వడ్డించి ఆయన ముందు పెట్టింది.

"తల ఉందిగా," అంది. "తినండి."